తలుపు బొమ్మ ఎవరు గీశారు

ఆ జోస్యం కార్డుల బొమ్మలన్నీ తానే గీశానని, కొట్లకి బోర్డులు రాసే బోర్డులాయన అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టేసరికి, గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్న ఆయన భార్య చెయ్యి ఆగిపోయింది.

కోతలు ఆమెకి కొత్త కాదు. నిచ్చెన మీంచి జారి, నేల తగిలేలోపే మళ్ళీ నిచ్చెనెక్కేసిన కథ ముప్ఫై ఏళ్ళుగా వింటోంది. గాలివానకి ఊడిన బోర్డు మీద కూర్చుని ఊరవతల దిగిన కథ వీధి వీధంతా అప్పజెప్పగలదు. కానీ ఎంత కోసినా ఆయన తన చేలో తాను కోసుకునేవాడు. ఇంకొకరి పని తనదని ఏనాడూ అనలేదు.

ఆ బొమ్మలు కూతురివి.

అరుగు మీదికి తెరుచుకునే కిటికీ వెనక, మంచం మీద, గోడవైపు తిరిగి కూతురు పడుకుని ఉంది. ఆరు వారాలుగా ఆ కిటికీ మూసే ఉంది. ఇవాళ మధ్యాహ్నం ఆయనే వెళ్ళి దాని కీళ్ళకి నూనె రాసి, జానెడు తెరిచి వచ్చాడు. ఎందుకని ఆమె అడగలేదు. గాలికోసం అనుకుంది.

అరుగు మీద వినేవాళ్ళు ముగ్గురు. మూల కొట్లో తాళాలు బాగుచేసే ఆయన, ఎదురింటి దర్జీ ఆవిడ, మేడమీద గదిలో ఉండే లెక్కల మాస్టారు. సాయంత్రం పనులు కట్టేసి టీ గ్లాసులతో ఇక్కడ చేరడం వాళ్ళకి అలవాటు. ఈ ఆరు వారాల్లో ఎవరూ రాలేదు. ఇవాళ ఆయనే ఒక్కొక్కరినీ పిలుచుకొచ్చాడు.

"మొదట గీసింది పిల్లి, తమ్ముడూ," అన్నాడు బోర్డులాయన తాళాలాయనతో. "ఏముంది, మామూలు పిల్లి, పడుకున్న పిల్లి, అరగంట పని. కార్డు మీద రాసిన మాట ఏమిటంటే, 'నీ ప్రశ్న విన్నాను. ఇప్పుడు నిద్రొస్తోంది.' అంతే. మనసులో ఏదో అడిగి ఒక కార్డు లాగుతారు కదా, అది నీకు జోస్యం చెప్తుంది, ఆ జోస్యం దేనికీ పనికిరాదు. అదీ దాని గొప్ప. సరే, గీశా, ఆరబెట్టా, అచ్చాఫీసుకి పట్టుకెళ్ళా. మెషీను దగ్గరాయన చూశాడు, ఆవలించాడు. పాపం నిద్ర చాల్లేదేమో అనుకున్నా. కాగితం కోసే ఆయన చూశాడు, ఆవలించాడు. కట్టలు కట్టే ఆవిడ, గేటు దగ్గర కాపలా ఆయన, వరసపెట్టి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అంతా పడుకున్నారు," అన్నాడు తాళాలాయన.

"మనుషులు పడుకుంటే అదీ ఒక కథేనా? మెషీను పడుకుంది! తిరుగుతున్నది తిరుగుతున్నట్టే మెల్లగా ఆగి, ఒక పక్కకి ఒరిగి, గుర్రు."

"మెషీను గుర్రు పెట్టిందా అన్నయ్యగారూ?" అంది దర్జీ ఆవిడ.

"పెట్టింది చెల్లెమ్మా. మూడు రోజులు. పిల్లి బొమ్మని బోర్లా పెడితే గానీ లేవలేదు. లేచి ఒళ్ళు విరుచుకుంది. ఆ విరుపుకి రెండు బోల్టులు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి. వెళ్ళి అడగండి, కావాలంటే."

దర్జీ ఆవిడ నవ్వింది, వెంటనే కిటికీ వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంటి ముందు గట్టిగా నవ్వి చాలా రోజులైంది.

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా, అవి అమ్మాయి గీసేది కదూ? నేను మెట్లు దిగుతూ చూసేవాణ్ణి. ఆ రాసే పిల్ల పక్కన కూర్చుని చదివేది, అమ్మాయి గీసేది."

గుమ్మంలో తల్లి తలెత్తి చూసింది.

"అమ్మాయా?" అన్నాడు బోర్డులాయన. ముగ్గురికి చెప్పడానికి అంత గొంతు అక్కర్లేదు. "అమ్మాయి బ్రష్షులు కడిగింది మాస్టారూ. గీసింది నేను."

బఠాణీల పళ్ళెం ఆమె ఒళ్ళోంచి జారబోయింది. పట్టుకుంది.

నిజం వేరు. ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు రాస్తే ఒకరు గీసేవారు. ఏడాదిన్నర ఆ గదిలో, ఆ కిటికీ కింద, నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. ఒక మాట రాసి ఆ పిల్ల పైకి చదివేది, ఇద్దరూ కిందపడి నవ్వేవారు, నవ్వు ఆగాక ఈ పిల్ల పెన్ను తీసేది. నలభై నాలుగు కార్డులు. నలభై మూడు అయ్యాయి. ఆఖరిదానికి మాట రాసి ఉంది, బొమ్మే లేదు. నలభై మూడోది అచ్చాఫీసులో ఇచ్చి ఇద్దరూ స్కూటరు మీద వస్తుంటే, మలుపులో, వానలో, లారీ.

ఒకరే వచ్చారు.

విరిగిన చెయ్యి అతుక్కుంది. కట్టు విప్పారు. గొంతుకేమీ కాలేదన్నాడు డాక్టరు. కానీ పిల్ల మాట్లాడదు. ఆరు వారాలు. అన్నం పెడితే తింటుంది, లేవమంటే లేస్తుంది. తల ఊపుతుంది, లేదా ఊపదు. పొద్దున అచ్చాఫీసు నుంచి ఫోనొచ్చింది. శనివారానికి ఆఖరి బొమ్మ రాకపోతే వేరే వాళ్ళచేత గీయిస్తామన్నారు, పాపం మెత్తగానే చెప్పారు. ఇవాళ గురువారం. ఆ మాట తల్లే వెళ్ళి చెప్పింది. పిల్ల గోడవైపు తిరిగింది.

ఇప్పుడు ఈయన చూస్తే, ఉన్నదంతా ఊడ్చి తన ఖాతాలో వేసుకుంటున్నాడు. అదీ కూతురి చెవిలో పడేలాగా.

"ఏమండీ," అంది ఆమె గుమ్మంలోంచి. "లోపల పడుకుంది."

"పడుకోనీ. పిల్లి కార్డు ప్రభావం అది." ఆయన తిరిగి చూడలేదు. "రెండోది గొడుగు. అసలు మాస్టారూ, పిల్లి ఒక లెక్కలోది కాదు. గొడుగు గురించి చెప్పాలి. దాని మీద మాట, 'వాన రాదు. గొడుగు మర్చిపోతే వస్తుంది.' నేను గీసిన గొడుగు ఎంత బాగా కుదిరిందంటే, పెరట్లో తీగ మీద ఆరేస్తే, ఒక మబ్బు అటుగా పోతూ ఆగింది. చూసింది. గొడుగు వేసి ఉంది కదా, ఇక మనకేం పనని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని వెనక వస్తున్న మబ్బుకి చెప్పింది. అది ఇంకోదానికి చెప్పింది. నాలుగు నెలలు చుక్క పడలేదు. బావులు ఎండాయి. అధికారులు వచ్చారు, పెద్ద కారు, ఇదిగో ఇక్కడే ఆపారు, అయ్యా మీ గొడుగు కాస్త ముడవండి అని ఒకటే బతిమాలడం."

"ముడిచావా?"

"బొమ్మలో గొడుగు ముడవడమంటే మాటలా తమ్ముడూ? మళ్ళీ గియ్యాలి. గీశా. గీసి తడి ఆరకముందే మొదలైంది వాన. పదకొండు రోజులు. ఆఫీసుల్లో సొరుగు లాగితే చేపలు. ఒక గుమాస్తా అర్జీ అనుకుని చేప మీద ముద్ర వేసి పంపించేశాడు. ఆ చేపకి ఉద్యోగం వచ్చింది."

"ఏ ఉద్యోగం?" అన్నాడు మాస్టారు, లెక్క తేలాలన్నట్టు.

"నీటి సరఫరాలో."

తాళాలాయన మోకాలు చరుచుకున్నాడు. బోర్డులాయన మొహంలో మాత్రం నవ్వు లేదు. ఆయన ఎప్పుడూ కోతలు చెప్తూ కళ్ళతో నవ్వేవాడు, అందులోనే సగం రుచి. ఇవాళ అంత్యక్రియల్లో మాట్లాడేవాడిలా కూర్చున్నాడు. వెన్ను నిటారుగా ఉంది. వీపు కిటికీ వైపు ఉంది. రంగు మరకల గుడ్డ ఒకటి రెండు చేతుల మధ్య పెట్టుకుని పిండుతున్నాడు.

"ఆ తర్వాత కుర్చీ," అన్నాడు. "'ఈ రోజు నీకు కూర్చోవడం రాసి ఉంది. లేచినా లాభం లేదు.' ఆ కార్డు ఒక పెద్దాయన లాగాడు. పేరు చెప్పను, మర్యాద కాదు. లాగి కుర్చీలో కూర్చున్నాడు. అంతే, ఇక లేవలేకపోయాడు. ముందు నలుగురు లాగారు. తర్వాత నలభై మంది. కుర్చీతో సహా ఇంటికి మోశారు. కుర్చీతో సహా పెళ్ళి చేశారు."

"పెళ్ళికూతురు ఒప్పుకుందా?" అంది దర్జీ ఆవిడ.

"ఆవిడా అదే కార్డు లాగింది చెల్లెమ్మా. రెండు కుర్చీలు. ఇప్పుడు వాళ్ళకి మూడు పీటలు పుట్టాయి."

ఈసారి దర్జీ ఆవిడ ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు కిటికీ సందులోంచి లోపలికి వెళ్ళడం తల్లికి కళ్ళారా చూసినట్టే అనిపించింది. లేచింది. మంచం కనపడేంత దూరం నడిచి, గది గుమ్మంలో నిలబడింది.

పిల్ల గోడవైపు లేదు. వెల్లకిలా ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. కనుబొమలు దగ్గరికొచ్చి మధ్యలో ఒక గీత పడింది.

ఆ గీతని తల్లి ఎరుగును. తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఈ పిల్ల ఇదే అరుగు మీద తండ్రి పక్కన కూర్చుని, అలాగే కనుబొమలు ముడిచి వినేది. ఆయన అరవై మెట్ల నిచ్చెన అంటే, "పదకొండు నాన్నా, నేను లెక్కపెట్టాను" అనేది. పులి ఎడంకాలు విరిచానంటే, "మొన్న కుడికాలు అన్నావు" అనేది. అబద్ధం ఈ పిల్లకి గిట్టేది కాదు. కాదు, అబద్ధం ఎంత పెద్దదైనా సరే గానీ, అందులో తప్పు ఉంటే ఊరుకునేది కాదు. తండ్రి కోతలకి ఆ ఇంట్లో పగ్గం అదే. ఆయన కోపగించుకునేవాడు కాదు. మెచ్చుకోలుగా జుట్టు చెరిపేవాడు.

తల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. నూనె రాసిన కిటికీ కీళ్ళ వాసన గదిలో ఇంకా ఉంది.

బయట ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినా స్పష్టంగా వినిపిస్తోంది.

"ఇవన్నీ ఒక ఎత్తు. నలభై నాలుగోది ఒక ఎత్తు. తలుపు. దాని మీద మాట ఏమిటో తెలుసా? 'తోసి చూడు. రాకపోతే లాగి చూడు. అదీ కాకపోతే అది గోడ.'"

తాళాలాయన ఫక్కున నవ్వబోయి, మధ్యలో ఆగాడు. ఆ మాట ఎవరు రాసి ఉంటారో అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ పిల్ల ఈ అరుగు మీంచే రోజూ లోపలికి వెళ్ళేది. తాళాలాయన్ని "బాబాయ్, నా బుర్రకి ఒక తాళంచెవి చెయ్యవా" అని ఏడిపించేది.

"మాటలు కూడా నువ్వేనా అన్నయ్యా?" అన్నాడు తాళాలాయన. ఎత్తిపొడుపే అది, కానీ మెత్తగా అన్నాడు.

బోర్డులాయన చేతిలో గుడ్డ పిండడం ఆపాడు.

"కాదు," అన్నాడు. "మాటలు ఆ పిల్లవి. ప్రతి మాటా. ఆ జోలికి నేను పోను."

ముప్ఫై ఏళ్ళలో కోత మధ్యలో ఆయన నిజం చెప్పడం ఇదే మొదటిసారి. ఏం జరుగుతోందో తల్లికి అప్పుడు అర్థమైంది. వెళ్ళి ఆపాలన్న ఊహ వదిలేసి, గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది. దేవుడా, పెద్దది కొయ్యి, ఇంకా పెద్దది కొయ్యి అనుకుంది.

"బొమ్మ మాత్రం నాదే," అన్నాడాయన, గొంతు సర్దుకుని. "కార్డేమో అరచెయ్యంత. తలుపు నిలువెత్తు. ఎలా పట్టిందని అడక్కండి, పట్టింది. గీసి గోడకి ఆనించి, తోశా. రాలేదు. లాగా. రాలేదు. పోనీ గోడేమోనని కొట్టి చూశా, లోపల డొల్ల. తలుపే. అప్పుడు తమ్ముణ్ణి పిలిచా."

"నన్నా? ఎప్పుడు?"

"పిలిచా! నువ్వు వచ్చావు! నూట యాభై తాళంచెవులు మోసుకొచ్చావు, నీకే గుర్తులేదు. ఒక్కటీ పట్టలేదు. ఎలా పడుతుంది? ఆ తలుపుకి బయట తాళమే లేదు." ఒక్క క్షణం ఆగాడు. "గడియ లోపలివైపు ఉంది."

టీ గ్లాసులు ఎవరూ ఎత్తలేదు.

"లోపలివాళ్ళు తీస్తే రావాలి. సరే, అక్కడే కూర్చున్నా. ఒక పూట కాదు, ఒక రోజు కాదు. ఆరు వారాలంటే మీరు నమ్మరు గానీ, ఆరు వందల ఏళ్ళు. నా గడ్డం పెరిగి వీధి మలుపు తిరిగి వెళ్ళింది. దాని మీద పిట్టలు గూళ్ళు పెట్టాయి, ఆ పిట్టల మునిమనవలు గూళ్ళు పెట్టాయి. మీరంతా పోయారు, మళ్ళీ పుట్టారు, మాస్టారు మళ్ళీ లెక్కల మాస్టారే అయ్యారు. సముద్రం ఒకటి ఎండింది. నేను కదల్లేదు. మీ వదిన రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళేది. తనూ కదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దర్జీ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వెలుగొచ్చింది," అన్నాడు బోర్డులాయన. "తలుపు సందులోంచి. సన్నగా, నిలువుగా, బంగారం రంగు గీత. చూసిన వాళ్ళు ఎవరూ నమ్మలేదు, బొమ్మలో అంత వెలుగు ఎలా తెచ్చావయ్యా అన్నారు. అది నా చేతి పనితనం. ఎలా తెచ్చానో చెప్తా వినండి. ఎవరికీ చెప్పకండి. ముందు కార్డు మొత్తానికి బంగారం పూశా. నిండుగా. అది బాగా ఆరాక, దాని మీద నింపాదిగా తలుపు రంగు వేసుకుంటూ వచ్చి, సందు దగ్గర..."

"అలా వెయ్యరు."

గొంతు బొంగురుగా ఉంది. వాడని తలుపు కిర్రుమన్నట్టు. గుమ్మంలో తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

బోర్డులాయన వెనక్కి తిరగలేదు. వీధివైపే చూస్తూ అన్నాడు.

"ఎలా వెయ్యరు?"

"బంగారం ముందు వెయ్యరు." ఒక్కో మాటా వెతుక్కుని తెస్తున్నట్టుంది. "దాని మీద రంగు నిలవదు. పెచ్చులూడిపోతుంది. చివర్న వేస్తారు."

"ముప్ఫై ఏళ్ళుగా వేస్తున్నా. మందుల షాపు అద్దాలు, నగల కొట్టు అద్దాలు, అన్నిటికీ ముందు బంగారమే. ఒక్కటి పెచ్చులూడిందా?"

"అది గాజు నాన్నా." కాస్త కోపం వచ్చింది ఆ గొంతులోకి. "గాజుకి నువ్వు వెనకనుంచి వేస్తావు. ముందు వేసింది ముందు కనపడుతుంది. ఇది కాగితం. కాగితానికి చివర్న."

మంచం కిర్రుమంది. కిటికీ చువ్వల వెనక మొహం వచ్చింది. ఆరు వారాల మొహం, దువ్వని జుట్టు. తల్లి గది గుమ్మంలోంచి ఆ వీపు చూస్తోంది. నైటీ మీద దిండు ముడతలు అచ్చు పడి ఉన్నాయి.

"పిల్లి బ్రష్షుతో గీసింది కాదు," అంది పిల్ల. "పెన్నుతో. గొడుగు ముడిచి లేదు. కుర్చీకి మూడే కాళ్ళు, అదే అందులో నవ్వు, నువ్వు చూడనే లేదు. నేను నీ బ్రష్షులు కడగలేదు. నువ్వే నా బ్రష్షులు కడిగావు. సరిగ్గా కడగలేదు కూడా."

"అవునా," అన్నాడాయన.

"తలుపు..." అని ఆగింది. అతుక్కున్న చేత్తో చువ్వ పట్టుకుంది. "తలుపు ఇంకా ఎవరూ గియ్యలేదు."

అబద్ధం అక్కడ కూలింది. ఆరు వందల ఏళ్ళూ, ఎండిన సముద్రం, గడ్డం మీద పిట్టలూ, అన్నీ ఆ ఒక్క మాటతో నేలకొచ్చాయి. బోర్డులాయన దొరికిపోయిన మనిషిలా తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ముగ్గురూ మర్యాదగా వీధివైపు చూశారు.

కావాలని తప్పు చెప్పాడా, గాజు పని అలవాటుకొద్దీ నోరు జారాడా అన్నది ఆ తర్వాత కూడా భార్య ఆయన్ని అడగలేదు. ఒకవేళ అడిగినా, నిజం చెప్తాడని నమ్మకం ఏమిటి.

"అమ్మా," అంది పిల్ల, వెనక్కి తిరిగి. "నీళ్ళు."

తల్లి పరుగెత్తింది. మంచినీళ్ళ గ్లాసు నింపి, సగం ఒలకబోసుకుంటూ తెచ్చింది. పిల్ల దాన్ని చూసి అడ్డంగా తల ఊపింది.

"తాగడానికి కాదు."

ఒక్క క్షణం తల్లికి బోధపడలేదు. తర్వాత వంటింట్లోకి తిరిగి వెళ్ళి, పై అరలో వెనక వరసలో వెతికింది. రంగు బ్రష్షులు కడుక్కునే గాజు గ్లాసు. ఆరు వారాల కిందట, పిల్ల కంట పడకూడదని తనే తోమి, బోర్లించి, డబ్బాల వెనక దాచింది. ఎంత తోమినా అంచున నీలం మరక పోలేదు.

దాన్ని నింపుతుంటే బయట తాళాలాయన గొంతు వినిపించింది.

"ఆ తర్వాత ఏమైంది అన్నయ్యా?"

కుళాయి కట్టేసి, జవాబు కోసం ఆమె కూడా చెవి ఒగ్గింది.

"తెలీదు తమ్ముడూ," అన్నాడు బోర్డులాయన.